రెండు వేళ్ళ కన్ను

మా ఆయన కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ కలిపి పెడితే సరిగ్గా ముప్ఫై ఆరు మిల్లీమీటర్లు. ఇరవై ఏళ్ళు కాపురం చేసినా ఈ సంగతి నాకు తెలియదు. సునామీ వచ్చిపోయిన రెండో వేసవిలో, ఒక ప్లాస్టిక్ స్కేలు పుణ్యమా అని, ఊరంతటితో పాటు నాకూ తెలిసింది.

మాది వేటపాలెం దాటాక సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. జాలర్ల ఊళ్ళో దూదేకుల ఇల్లు మాదొక్కటే. మా మామగారు దూది ఏకి పరుపులు కుట్టిన మనిషి. ఫోము పరుపులు వచ్చి ఆ పని మూలపడ్డాక, దారాన్ని వదల్లేక వలల్లోకి దిగాడు. మా ఆయన అబ్దుల్ ఖాదర్ తండ్రిని మించాడు. ఒడ్డున నిలబడి ఇరవై ముప్ఫై మంది కలిసి లాగే అలివి వలకు చివర ఒక సంచి ఉంటుంది. పడిన చేపంతా చేరేది అందులోనే. దాని అల్లికలో ఒక్కో గడినీ కన్ను అంటాం. మిగతా వలంతా బజార్లో కొన్నా సరే, ఆ సంచి మాత్రం ఖాదర్ చేత్తో అల్లిందే కావాలని మా ఊరి పట్టు. ఆ చెయ్యి మంచిదని వాళ్ళ నమ్మకం. దాని మీదే మా ఇల్లు నడిచేది.

ఆ ఏడు మార్చి నెలాఖర్లో ఒక జీపు వచ్చి వలల పాక ముందు ఆగింది. ఇద్దరు దిగారు. ఒకరు జెస్సీ, సముద్రాన్ని కాపాడాలని తిరిగే పర్యావరణ సంఘం అమ్మాయి. దర్శి వైపు పిల్ల. పదో తరగతి పాసయ్యేదాకా సముద్రం మొహం చూడలేదట. రెండో ఆయన కరుణాకర్, చేపలు ఎగుమతి చేసే కంపెనీలో కొనుగోలు ఆఫీసరు. పిల్లినీ ఎలుకనీ ఒకే జీపులో ఎక్కించినట్టు, దిగేటప్పటికే వాదించుకుంటున్నారు.

“నలభై ఉండాలి సార్. చేపపిల్ల బయటికి పోవాలంటే సంచి కన్ను నలభై మిల్లీమీటర్లయినా ఉండాలి,” అంటుంది ఆమె.

“నలభై పెడితే వీళ్ళకి మిగిలేది ఉప్పునీళ్ళేనమ్మా. నేను లారీలో నీళ్ళు పంపించనా?” అంటాడు ఆయన.

పాకలో ఊరంతా కూర్చున్నాక జెస్సీ విషయం చెప్పింది. చేపపిల్లలు పడకుండా పెద్ద కన్ను సంచులు వాడితే, గుడ్లు పెట్టే నలభై అయిదు రోజులూ వేట ఆపితే, ఇది సముద్రాన్ని పాడుచేయకుండా పట్టిన చేప అని తన సంఘం సర్టిఫికెట్ ఇస్తుంది. ఆ సర్టిఫికెట్ ఉన్న చేపని కరుణాకర్ కంపెనీ దళారి లేకుండా ఒడ్డు మీదే మంచి ధరకి కొంటుంది. అయితే ఊరికంతా కలిపి ఒకటే సర్టిఫికెట్. ఆరు అలివి వలల్లో ఒక్క సంచి తప్పినా ఎవరికీ రాదు.

“పెద్ద పడవలకైతే ఆ రోజుల్లో సర్కారు నిషేధం ఉంది. మా అలివికి లేదు గదమ్మా,” అన్నాడు ఊరి పెద్ద యలమందయ్య. “ఎవరూ ఆపమనకుండానే నలభై అయిదు రోజులు పొయ్యిలో పిల్లిని పడుకోబెట్టమంటావా?”

“మా అయ్య లాగినప్పుడు సంచి ఎత్తడానికి పదిమంది పట్టేవోళ్ళు బాబాయ్,” అన్నాడు బాలస్వామి. ఆరు వలల్లో ఒకటి అతనిది, ఇంకొకటి అతని తమ్ముడిది. “ఇప్పుడు బొటనవేలంత చేపని ఏరుకుంటన్నాం. అదీ అయిపోతే ఏం తింటాం? ఓసారి ఆగి చూద్దాం.”

గంటసేపు అరుచుకున్నాక ఒప్పుకున్నారు. జెస్సీ, కరుణాకర్ కూడా చెరో మెట్టు దిగి ముప్ఫై ఆరు దగ్గర ఆగారు.

“ముప్ఫై ఆరు మిల్లీమీటర్లంటే ఎంత?” అన్నాడు యలమందయ్య.

జెస్సీ తన భుజం సంచిలోంచి స్కేలు తీసి చూపించింది. మా ఆయన మూలనుంచి లేచివచ్చి, తన రెండు వేళ్ళూ దాని మీద ఆనించాడు. గీత మీద గీత కూర్చుంది.

“రెండు వేళ్ళ కన్ను. దీనికింత కథెందుకమ్మా?”

పాకంతా ఘొల్లుమంది. “ఖాదర్ గారూ, మీ వేళ్ళు మా కంపెనీలో చేయించారా ఏంటండీ?” అన్నాడు కరుణాకర్. ఆ రోజు నుంచీ ఊళ్ళో మిల్లీమీటర్ల మాట ఎత్తినవాడు లేడు. అందరిదీ రెండు వేళ్ళ కన్ను మాటే. జెస్సీ కూడా తన పుస్తకంలో అలాగే రాసుకుని, స్కేలు సంచిలో పడేసుకుని వెళ్ళిపోయింది.

ఏప్రిల్ సగానికి ఆరు వలలూ ఒడ్డెక్కాయి. మగవాళ్ళు దొరికిన కూలికి పోయారు. ఆడవాళ్ళు గుంటూరు మిరప యార్డులో తొడిమలు తీసే పనికి పోయారు. బాలస్వామి తల్లి కొండమ్మ కూడా మూట కట్టుకుని మా గుమ్మం ముందు నిలబడింది.

“అర్ఫా అమ్మా, ఈ ముసల్దాన్ని మిరపకాయల్లోకి తోలింది మీ ఆయన సంచులే. బాగా అల్లమను. కళ్ళు మండినా పర్లేదు గానీ కడుపు మండితే ఊరుకోను,” అని నవ్వి వెళ్ళింది. అర్ఫా మా అమ్మాయి. అంతకుముందు ఏడే దాన్ని తాడేపల్లిలో ఇచ్చాం. ఊళ్ళో అందరికీ నేను అర్ఫా అమ్మనే.

మా ఆయన బాలస్వామిదీ, అతని తమ్ముడిదీ సంచులు పూర్తిచేశాడు. మూడోది యలమందయ్యది. దాని తాడు పనికొస్తుందని పాత సంచి విప్పుతుంటే, ముడిలో ఎప్పుడో ఇరుక్కుని ఎండిపోయిన జెల్ల చేప ముల్లు చూపుడువేలి మొదట్లో కస్సున దిగింది. పసుపు పెట్టాడు, నిమ్మకాయ తొడిగాడు, ఆసుపత్రికి పోదామంటే నా మాట వినలేదు. మూడోనాటికి చెయ్యి బన్నురొట్టెలా ఉబ్బింది. చీరాలలో డాక్టరు కోసి చీము తీసి, మణికట్టు దాకా కట్టు కట్టి, నెల రోజులు ఈ చేత్తో చెంచా కూడా ఎత్తొద్దన్నాడు.

ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

“జెస్సీ అమ్మకి కబురు పెడదామండీ. గడువు అడుగుదాం,” అన్నాను.

“ఊరు ఊరంతా వేట మానుకుని కూర్చుంటే, నా వేలికి ముల్లు గుచ్చుకుందని చెప్పనా?”

“అయితే సూది ఇటివ్వండి.”

ఆయన ఇటు తిరిగాడు. ఇరవై ఏళ్ళుగా దారం చుట్టిపెట్టింది నేను, చిరుగులు వేసింది నేను, అంచులు కట్టింది నేను. సంచి ఒక్కటే ఆయన నా చేతికివ్వలేదు. అయినా రోజూ పక్కన కూర్చుని చూసినదాన్ని, రాకేం?

“మతిపోయిందా నీకు? ఆడమనిషి వల దాటితేనే సముద్రం మొహం తిప్పుకుంటదనే జనం వీళ్ళు. సంచే ఆడమనిషి అల్లిందని తెలిస్తే నీళ్ళల్లో వేస్తారా?”

“తెలిస్తే గదా. తలుపేసుకుని అల్లుతాను. పేరు మీది, పని నాది. మనింట్లో ఇదేమన్నా కొత్తా?”

ఆయన రెండు రోజులు అటూ ఇటూ తిరిగి, మూడోరోజు పొద్దున ఎడమచేత్తో సూదికి దారం ఎక్కించి తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

“రెండు వేళ్ళ కన్ను. మరిచిపోకు.”

“రెండు వేళ్ళు నాకూ ఉన్నాయి లెండి,” అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఇప్పటికీ తలుచుకుంటే నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపిస్తుంది.

అప్పట్నుంచీ పొద్దు పొడవగానే అన్నం వార్చేసి తలుపు గడియ పెట్టేదాన్ని. ఎడమచేతి రెండు వేళ్ళ మీదుగా దారం తిప్పడం, కుడిచేత్తో ముడి వేసి లాగడం. మళ్ళీ రెండు వేళ్ళు, మళ్ళీ ముడి. రోహిణి ఎండకి రేకు కప్పు కింద చెమట ధారగా కారేది. నిజం చెప్పొద్దూ, ఆ నాలుగు వారాలూ నేను హాయిగా ఉన్నాను. అంచులు కట్టడం వేరు, సంచి అల్లడం వేరు. నా చేతుల్లో ఒక పెద్ద వస్తువు పెరుగుతుంటే నాకు వంట మీద కూడా ధ్యాస ఉండేది కాదు.

మా ఆయన కట్టు మీద తువ్వాలు కప్పుకుని అరుగు మీద కాపలా కూర్చునేవాడు. యలమందయ్య అటుగా వస్తే, “ముల్లు దిగింది బాబాయ్, తగ్గిపోయింది. పనవతా ఉంది,” అని పంపించేసేవాడు. సాయంత్రం లోపలికొచ్చి, ఎడమచేత్తో ఒక్కో ముడీ లాగి చూసేవాడు.

“ముడి నాకన్నా గట్టిగా వేశావే,” అన్నాడు ఒకరోజు.

పెళ్ళయినప్పట్నుంచీ నా పనిని ఆయన మెచ్చుకోవడం అదే మొదలు. ఆ పూట నేను నేల మీద నడవలేదు. ముడి చూశాడు, దారం చూశాడు, అంచు చూశాడు. కన్ను సంగతి ఆయనకీ తట్టలేదు, నాకూ తట్టలేదు. రెండు వేళ్ళంటే రెండు వేళ్ళే కదా!

జూన్ రెండో తేదీన జీపు వచ్చింది. గుంటూరు వెళ్ళిన ఆడవాళ్ళంతా ముందురోజే తిరిగొచ్చారు. పాక మా ఇంటికి ఎదురుగానే. ఆరు సంచులూ వరసగా పరిచారు. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను.

జెస్సీ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో సంచిలో పది కళ్ళు కొలుస్తోంది. బాలస్వామి సంచి ముప్ఫై ఆరు. వాళ్ళ తమ్ముడిదీ ముప్ఫై ఆరు. మూడోది యలమందయ్యది. కొలిచి, ఆగి, ఇంకోచోట కొలిచింది. నాలుగోదాని దగ్గరికి వెళ్ళింది. అయిదు, ఆరు. లేచి నిలబడేసరికి ఆ పిల్ల మొహంలో నెత్తుటి చుక్క లేదు.

“ఈ నాలుగూ ముప్ఫై ఉన్నాయండీ.”

“ఎండకి నైలాను ముడుచుకుందేమోనమ్మా,” అన్నాడు కరుణాకర్.

“నాలుగు సంచులకే కాసిందా సార్ ఎండ?”

బాలస్వామి గుంజకి ఆనుకున్నవాడల్లా ముందుకొచ్చాడు. “తెలుస్తానే ఉంది గదా! మేం మాత్రం పెద్ద కన్ను పెట్టుకోవాల, మీరు మాత్రం ఖాదరు చేతిలో ఏదో పెట్టి చిన్న కన్ను వేయించుకోవాల. పిల్ల చేపంతా మీకే!”

“ఒరేయ్, నోరు జాగర్త!” యలమందయ్య కండువా తీసి నేల మీద కొట్టాడు. “నేను పెద్దరికం చేసి ఊరిచేత వేట మాన్పించింది ఇందుకట్రా? ఖాదరూ, నువ్వు చెప్పు. నేను నీకు చిన్న కన్ను వేయమన్నానా?”

మా ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. లేదని అంటే, మరి ఎందుకేశావని అడుగుతారు. నిజం చెబితే సంచులు ఎవరూ ముట్టుకోరు. ఎటు తిరిగినా ఆ చేతికున్న పేరు పోతుంది. కట్టు విప్పేసిన ఆ చెయ్యి వెనక్కి పెట్టుకుని తిట్లు పడ్డాడు. దొంగ అన్నారు. ఉప్పు తిన్న ఊరికే ద్రోహం అన్నారు.  ఆయన ఎన్నైనా పడతాడు గానీ నా మాట బయటపెట్టడని నాకు అర్థమైంది.

గడియ తీసి బయటికొచ్చాను. ఎండలో ఇసక కాలుతోంది. చెప్పులు కూడా వేసుకోలేదు. పరిచిన వల అంచు దగ్గర ఆగాను, దాటలేదు.

“ఏదమ్మా, ఆ స్కేలు ఒకసారి ఇటివ్వండి.”

జెస్సీ ఇచ్చింది. నా ఎడమచేతి రెండు వేళ్ళూ కలిపి దాని మీద ఆనించాను.

ఆమె వంగి చూసింది. తరవాత నా మొహం చూసింది. “ముప్ఫై,” అంది మెల్లగా.

“ఆ నాలుగూ నేనే అల్లాను బాబాయ్,” అన్నాను యలమందయ్యతో. “ఆయన చెయ్యి లేవలేదు. ఎవరూ ఎవరి చేతిలో ఏమీ పెట్టలేదు. రెండు వేళ్ళన్నారు, నావి రెండు పెట్టాను.”

 అప్పటిదాకా సంచి అంచు పట్టుకుని ఉన్న బాలస్వామి, వేడి గిన్నె పట్టుకున్నట్టు దాన్ని వదిలేశాడు.

“ఆడమనిషి అల్లిన సంచా! అది సముద్రంలో వేస్తామా?”

గుంపులోంచి కొండమ్మ తోసుకుంటూ వచ్చింది. మిరప ఘాటుకి ఆమె కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. “ఏరా బాలసామీ, నిన్ను అల్లింది ఏ మగోడ్రా?”

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఆడవాళ్ళందర్నీ చుట్టేసింది. యలమందయ్య కండువా దులుపుకుంటూ మొహం పక్కకి తిప్పుకున్నాడు. బాలస్వామి వెళ్ళి జీపు వెనకాల నిలబడ్డాడు.

నవ్వులు అయ్యాక అసలు కష్టం అలాగే ఉంది. ముప్ఫై ముప్ఫయ్యే. జెస్సీ, కరుణాకర్ మళ్ళీ మొదలెట్టారు.

“ముప్ఫైని ముప్ఫై ఆరని నేను రాయను సార్.”

“రాయమన్నానా? ఇవాళ ఏమీ రాయొద్దంటున్నాను. ఫెయిలని రాస్తే మా కంపెనీ ఇంకో ఏడాది దాకా ఈ ఊరి మొహం చూడదు. పన్నెండు రోజులాగు. పైవాళ్ళకి నేను చెప్పుకుంటాను.”

“ఆ పన్నెండు రోజులూ వేట ఉండకూడదు.”

“అది నన్నడక్కు, వాళ్ళనడుగు.”

యలమందయ్య అందరి మొహాలూ చూశాడు. ఇంకో పన్నెండు రోజులంటే ఆ ఊరికి చిన్న మాట కాదు. కానీ నలభై అయిదు రోజులు గంగలో పోయడానికీ ఎవరికీ మనసొప్పలేదు. చివరికి ఆయన నావైపు తిరిగాడు.

“అర్ఫా అమ్మా, పన్నెండు రోజుల్లో నాలుగు సంచులవుతాయా?”

ఊరి పెద్ద నన్ను పని సంగతి అడగడం! వేళ్ళ మీద లెక్క వేసుకున్నాను. “నా ఒక్కదానివల్ల కాదు బాబాయ్. కొత్త చేతులు గనక ఇంకో తొమ్మిది మంది ఆడవాళ్ళు కావాలి.”

“ఎనిమిది మందిని చూసుకో,” అంది కొండమ్మ.

జెస్సీ ఈసారి స్కేలు నాకే ఇచ్చి వెళ్ళింది.

మర్నాడు పొద్దున లేచేసరికి మా ఆయన అరుగు మీద కూర్చుని, ఎడమచేత్తో కత్తి పట్టుకుని వెదురు చెక్కుతున్నాడు. పక్కనే స్కేలు. ఒక్కో బద్దనూ దాని మీద పెట్టి చూడటం, గీకటం, మళ్ళీ చూడటం. అప్పటికి ఏడు బద్దలయ్యాయి. అన్నీ ముప్ఫై ఆరే.

“మీ వేళ్ళుండగా ఇవెందుకండీ?” అన్నాను, తేలిక చేద్దామని.

ఆయన కుడిచెయ్యి చాపాడు. మధ్యవేలు తిన్నగా ఉంది. చూపుడువేలు సగం వంగి అక్కడే ఆగిపోయింది.

“ఇక సాగదే ఇది. కట్టు విప్పిన రోజే డాక్టరు చెప్పాడు. నీకెట్టా చెప్పాలో తెలీక చెప్పలేదు.”

నాకు ఏడుపొచ్చింది. ఆయన ముందు దాచుకోలేదు, ఏడ్చేశాను. ఆయన ఎనిమిదో బద్ద అందుకున్నాడు.

ఆ పన్నెండు రోజులూ మా వాకిలి తిరునాళ్ళయింది. పదిమంది ఆడవాళ్ళం, పది బద్దలు. మిరప తొడిమలు తీసి తీసి మండిపోయిన చేతులకి కొబ్బరినూనె రాసుకుని మరీ కూర్చున్నారు. సన్నవేళ్ళూ, లావువేళ్ళూ, వంకరవేళ్ళూ అన్నీ ఉన్నాయి గానీ బద్ద మాత్రం ఒకటే. మా ఆయన మధ్యలో తిరుగుతూ, “ఆ ముడి వదులైంది చెల్లెమ్మా, విప్పు,” అంటూ అందరికీ నేర్పాడు. అలవాటు పోక, అందరూ లేచేటప్పుడు వలని దాటకుండా చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళు. కొండమ్మ నడుం పట్టేసి, ఎవరైనా లేపితే బాగుండునని తిట్టుకుంటూనే ఆఖరి ముడి దాకా కూర్చుంది. ఆఖరి రోజు బాలస్వామి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా, పూర్తయిన సంచులు భుజాన వేసుకుని పాకలోకి చేరవేశాడు.

పదమూడోనాడు జెస్సీ మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుంది. ఆరు సంచులు, ఒక్కోదానికి పది కళ్ళు. అరవై సార్లు కొలిచింది. ఊరంతా చుట్టూ మూగింది. లేచి, చేతికంటిన ఇసక దులుపుకుని, కరుణాకర్ వైపు చూసి తల ఊపింది. ఆయన పిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

పాకలో బల్ల వేసి ఫారం నింపుతున్నారు. యలమందయ్య వేలిముద్ర వేశాడు. వలల సొంతదారులందరి పేర్లూ రాశారు. మేం ఆడవాళ్ళం బయట, పాక నీడలో నిలబడ్డాం.

“సంచులు అల్లినవారు,” అని చదివింది జెస్సీ. “అబ్దుల్ ఖాదర్ గారు. ఇది ముందే రాసుంది.”

“కొట్టేయండమ్మా,” అన్నాడు మా ఆయన.

“అదేంటండీ?”

“రెండే నావి. నాలుగింటిని పదిమంది అల్లారు. వాళ్ళల్లో ముందుండి అందర్నీ నడిపింది ఒక మనిషి. ఆ పేరు ముందు రాయండి, తరవాత వాళ్ళ పేర్లు. నాది ఆఖర్న రాయండి.”

“చెప్పండి మరి.”

పెళ్ళాం పేరు పదిమందిలో పలకడం మా ఇళ్ళల్లో లేదు. నాతో అయితే ఏమే, బయటివాళ్ళతో అయితే అర్ఫా వాళ్ళమ్మ. ఇరవై ఏళ్ళలో ఆయన నోట నా పేరు నేను విన్నది ఒక్కసారే, నిఖా రోజున. ఆయన గొంతు సవరించుకున్నాడు. చుట్టూ మగవాళ్ళు, ఊరి పెద్ద, కంపెనీ ఆఫీసరు. చెవులు ఎర్రబడ్డాయి. నేల చూశాడు, బల్ల చూశాడు, చివరికి గుమ్మంలోంచి బయట నిలబడ్డ నన్ను చూశాడు.

“ఖుర్షిదా,” అన్నాడు.

“సరిగ్గా వినబడలేదండీ,” అంది జెస్సీ. సముద్రం హోరు అలా ఉంది ఆ రోజు.

“ఖుర్షిదా!” అని అరిచాడు ఆయన. “దూదేకుల ఖుర్షిదా. రాసుకోండమ్మా!”